ఆర్తుడు – ఆహ్వానము

భగవంతుని ఆశ్రయించువారు నాలుగు విధములని గీత ఏడవ అధ్యాయమున చెప్పబడినది. వారిలో మొదట పేర్కొనబడినవాడు ఆర్తుడు; జ్ఞాని చివరివాడు. కష్టములోనున్నవాడు దేవుని వెదకుట దోషము కాదని దీనివలన తేటపడుచున్నది. అయితే ఆ కష్టములోనున్నవానిని వెదకికొనుచు మనుష్యులు వచ్చినప్పుడు ఏమగును? చదువరులు ఈ ప్రశ్నను ఒకమారు ఆలోచింప ప్రార్థన.

మన ఈపూరు ప్రాంతమువారికి ఇది క్రొత్త ప్రశ్న కాదు. పొరుగుననున్న వినుకొండ సీమగుండా పారు గుండ్లకమ్మయే ఇందుకు సాక్షి. 1876 నుండి 1878 వరకు చెన్నరాజధానిని ఘోరమైన కరువు పీడించెను. అప్పుడు ఒంగోలులోనుండిన అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. పనికి వచ్చినవారిలో పలువురు బాప్తిస్మము కోరిరి. ఆయన ఈయలేదు. తిండి తన చేతిమీదుగా పోవుచున్నంతకాలము ఎవరినీ చేర్చుకొనరాదని నిశ్చయించి, సహాయకార్యము ముగియువరకు ఆగెను. పిమ్మట 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ సంఖ్యను కొందరు కీర్తింతురు, కొందరు నిందింతురు. నాకు మాత్రము సంఖ్యకంటె ఆయన ఆగిన ఆ నెలలే గొప్పవిగా తోచుచున్నవి. మన మతము కానివాడైనను ఈ మాట చెప్పక తప్పదు. అయినను సందేహము పూర్తిగా తీరదు. కరువులో అన్నము పెట్టిన చేతిని కరువు తీరినంతనే ఎవడు మరచును? కృతజ్ఞతయు ఒక బంధమే గదా. ఇక వారందరు కడుపుకొరకే పోయిరనుట అన్యాయము. కరువునకు పదేండ్లు ముందే, 1866లో, మాదిగ కులమున పుట్టి యోగసాధన చేసిన యెర్రగుంట్ల పేరయ్య తానై వెదకికొని ఆ మతమున చేరెను. గుడి వాకిలి తమకు మూయబడియుండగా వేరొక వాకిలి చూచుకొన్నవారిని నిందించుటకు ముందు, మూసినవారెవరో తలచుకొనవలెను.

అట్లు మూయని కాలమొకటి మన పల్నాటికి లేకపోలేదు. మాచెర్ల చెన్నకేశవుని భక్తుడైన బ్రహ్మనాయుడు అన్ని కులములవారితో చాపకూడు కుడిచెననియు, మాల కన్నమదాసును కుమారునివలె ఆదరించెననియు పల్నాటి వీరగాథ చెప్పుచున్నది. అచ్చట వడ్డించినవాడు గరిటె పట్టి ఎత్తున నిలువలేదు. అదే చాపపై కూర్చుండెను.

మన సంప్రదాయమున ఈ విషయమై మరింత జాగరూకత అవసరము. ఏలయన శరణాగతికి అర్హతలుగా మన ఆచార్యులు చెప్పినవి ఆకించన్యము, అనన్యగతిత్వము. అనగా, తనకంటూ ఏమియు లేకుండుట, వేరు దిక్కు లేకుండుట. ఇది జీవుడు ఈశ్వరుని ఎదుట తనకు తానై గ్రహించు స్థితి. దీనిని మనుష్యులు కల్పింపరాదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో "నీవు మా గురువును ఆశ్రయింపనందుననే ఇట్లయినది" అనువాడు, కొత్తగా చేరినవానిని తల్లిదండ్రులనుండి విడదీయువాడు, అప్పులపాలైనవానికి రొక్కమిచ్చి కంఠమున మాల వేయువాడు – వీరు గతిలేనివానికి గతి చూపుటలేదు, ఉన్న గతిని త్రుంచుచున్నారు. నామము ధరించినవారిలోనూ ఇట్టివారు కలరు. పరమతమువారి గూర్చి మాత్రమే ఈ మాట వ్రాసినచో అది కపటమగును.

భగవద్రామానుజుల వృత్తాంతము అందరు వినినదే. తిరుక్కోట్టియూరు నంబి మంత్రార్థము నుపదేశించుటకు ముందు ఆయనను పదునెనిమిది మారులు తిప్పించెను. ఇచ్చువాడు తొందరపడలేదు. తరువాత రామానుజులు గోపురమెక్కి దానిని అందరికిని వినిపించిరి. ఆజ్ఞ మీరినందుకు నరకము తనకే ప్రాప్తించనిమ్మనిరి. ఇందు గమనింపదగినదేమనగా, నష్టము భరించుటకు సిద్ధపడినవాడు చెప్పినవాడు, విన్నవారు కాదు. నేడు ఏ మఠము, ఏ భజనమండలి, ఏ ప్రార్థనాసంఘము పిలిచినను, ఈ పిలుపువలన ఎవరికి లాభము, ఎవరికి నష్టము అని అడిగి చూచిన చాలవరకు తెలిసిపోవును.

చరమశ్లోకమునకు కొలదిగా ముందు శ్రీకృష్ణుడు అర్జునునితో, చెప్పినదంతయు బాగుగా విమర్శించి, నీకు తోచినట్లు చేయుమనెను. శరణాగతి నుపదేశించిన వెంటనే, వినగోరనివానికి దీనిని చెప్పరాదని కట్టడియు చేసెను. అర్జునుడు అప్పుడు శోకములో మునిగియుండినవాడే. యుద్ధరంగమున విల్లు జారవిడిచినవాడే. అట్టివానికిని ఆలోచించు హక్కు తీసివేయబడలేదు.

కనుక ఇరుగుపొరుగున చావు జరిగిన ఇంటికి వెళ్లు భాగవతులు ఆ పదిదినములు దీక్ష మాట, మొక్కు మాట, చందా మాట ఎత్తకుందురుగాక. నీరు తోడి పెట్టవచ్చును, పిల్లలకు అన్నము పెట్టవచ్చును, ప్రక్కన మౌనముగా కూర్చుండవచ్చును. పిదప ఎన్నడైనను ఆమెయే, ఆయనయే అడిగినచో అప్పుడు చెప్పవచ్చును. అడుగకున్నచో మరునాడును నీరు తోడవచ్చును.