రిలేలో వెనకబడేది ఎక్కడ?

ప్రశ్న: మా కాలేజీ జట్టులో నలుగురూ వేగంగా పరిగెత్తుతారు. అయినా 4×100 మీటర్ల రిలేలో ఓడిపోతున్నారు. ఎందుకని?

జవాబు: చాలాసార్లు పందెం చేజారేది బ్యాటన్ చేతులు మారే 30 మీటర్లలోనే. 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన జపాన్ జట్టులో అప్పటికి 100 మీటర్లను 10 సెకన్లలోపు ముగించినవాడు ఒక్కడూ లేడు. నలుగురూ కలిసి మాత్రం 37.60 సెకన్లలో పూర్తిచేశారు! బ్యాటన్‌ను కింది నుంచి పైకి అందించడం వాళ్ల పద్ధతి. అందుకునేవాడు చెయ్యి బాగా వెనక్కి చాచనక్కర్లేదు, పరుగు లయ చెడదు.

అసలు కిటుకు బయల్దేరే క్షణంలో ఉంది. అందుకోవాల్సినవాడు తన వెనక ట్రాక్ మీద టేపు ముక్క అంటించుకుంటాడు. బ్యాటన్ తెచ్చేవాడు దాన్ని తాకగానే ఇతను దూసుకుపోవాలి. మళ్లీ తిరిగి చూడకూడదు. తెచ్చేవాడు ఇతన్ని అందుకోలేకపోతుంటే టేపును దగ్గరికి జరపాలి, మీదికొచ్చి పడుతుంటే దూరం పెంచాలి.

మొదటి, మూడో వాళ్లు పరిగెత్తేది మలుపుల్లో. అందుకే వాళ్లు లోపలి అంచున పరిగెత్తుతూ కుడిచేత్తో, మిగతా ఇద్దరు ఎడమచేత్తో బ్యాటన్ పట్టుకుంటారు.

2024 పారిస్‌లో మహామహులున్న అమెరికా పురుషుల జట్టు తొలి మార్పిడిలోనే తడబడి అనర్హతకు గురైంది. మీ జట్టు కూడా విడివిడి పరుగుల సాధన కాస్త తగ్గించి, పూర్తి వేగంతో మార్పిడిని సాధన చేయాలి.