ముల్లు లేవని మీటరు

హుస్సేన్ సాగర్‌కు సికింద్రాబాద్ వైపు గట్టు మీద, ట్రాలీ ఎక్కించిన పదహారు అడుగుల పెట్రోలు బోటు. ట్యాంకు నిండుగా ఉంది. అయినా పెట్రోలు మీటరు ముల్లు సున్నా దగ్గరే పడి ఉంది. పక్కనున్న ఇంజను వేడి చూపే ముల్లేమో ఒకచోట నిలవడం లేదు. బోటు నడిపే కుర్రాడు అడుగుతాడు: "అన్నా, రెండు కొత్త మీటర్లు తేవాల్నా?" మెకానిక్ చాలా ఏళ్లు కార్ల వైరింగ్ చేసిన మనిషి. "ఆగు తమ్మీ, మొదలు ఎర్త్ చూద్దాం" అంటాడు. ఆయన చేతిలో ఉన్నవి ఐదొందల రూపాయల మల్టీమీటరు, మూరెడు వైరు ముక్క.

ముందుగా ఇంజను మూత ఎత్తి, బ్లోయరు, అంటే లోపలి ఆవిరిని బయటికి తోసే ఫ్యాను, నాలుగు నిమిషాలు తిప్పుతాడు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. కారు కింద అయితే చెదిరిపోతుంది, బోటులో మాత్రం అడుగున చేరి కూర్చుంటుంది. ఫ్యాను ఆగాక వంగి వాసన చూసి, అప్పుడే పనిముట్టు పట్టుకుంటాడు.

రెండు మీటర్లు ఒకేసారి చెడిపోవడం అరుదు, కాబట్టి రెంటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని వెతకాలి. కీ తిప్పి బ్యాటరీ దగ్గర కొలిస్తే 12.6 వోల్టులు. మీటరు వెనక కరెంటు వచ్చే 'ఐ' స్టడ్డుకూ ఎర్త్ స్టడ్డు 'జి'కీ మధ్య 11 మాత్రమే. మిగతా 1.6 ఎక్కడ పోయింది? మల్టీమీటరు ఒక కొస బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది డ్యాష్‌బోర్డు కింది ఎర్త్ పట్టీ మీద పెడతాడు. సరిగ్గా 1.6. అక్కడ 0.2 దాటకూడదు.

పట్టీకి బిగించిన లగ్గు, అంటే తీగ కొసకు నొక్కే ఉంగరం, చిలుము పట్టి పచ్చగా ఉంది. ఇన్సులేషన్ ఒలిస్తే లోపలి రాగి నల్లబడింది. ఇది ఉప్పునీటి పని కాదు. సాగర్‌లో చేరే నాలాల మురుగు కుళ్లి ఎండాకాలంలో ముక్కు మూసుకునేలా చేసే హైడ్రోజన్ సల్ఫైడే రాగినీ నలుపు చేస్తుంది. బ్యాటరీ స్విచ్ ఆపి, తళుక్కుమనే రాగి తగిలేదాకా తీగను అంగుళం అంగుళం కోసుకుంటూ పోతాడు. నాలుగో అంగుళం దగ్గర మెరుపు కనిపిస్తుంది. తగరం పూత ఉన్న కొత్త తీగ అతికి, లగ్గు క్రింప్ చేసి, లోపల జిగురున్న ష్రింకు గొట్టాన్ని వేడితో ముడుచుకునేలా చేస్తాడు. సోల్డరింగ్ చేయడు. ఇంజను అదురుకు టంకం ఆగిన చోటే తీగ విరుగుతుంది. పైన పెట్రోలియం జెల్లీ పూస్తాడు. మళ్లీ కొలిస్తే 0.05. ఇంజను వేడి ముల్లు నిలబడింది. ఇంతవరకు ఖర్చు రెండొందల లోపే.

పెట్రోలు ముల్లు ఇంకా లేవలేదు. ఇక్కడే నాకు ఆయన పనితనం పూర్తిగా కనిపించింది. సెండరు, అంటే ట్యాంకులో పెట్రోలు మట్టాన్ని కొలిచి మీటరుకు చెప్పే భాగం, నుంచి వచ్చే గులాబీ రంగు తీగను మీటరు 'ఎస్' స్టడ్డు నుంచి తీసేస్తాడు. వైరు ముక్కతో 'ఎస్', 'జి' స్టడ్డులను క్షణం పాటు కలుపుతాడు. ముల్లు ఒక్క ఎగురు ఎగిరి 'ఫుల్' చేరుతుంది. మీటరు బాగానే ఉందన్నమాట! కొత్తది కొని ఉంటే ఆ డబ్బు నీళ్లలో పోసినట్టే.

ఇక తీగ వంతు. కీ ఆపి, గులాబీ తీగను మళ్లీ మీటరుకు బిగించి, ట్యాంకు దగ్గరి కొసను ఊడదీసి ఎర్త్ తీగతో కలుపుతాడు. చెయ్యి తీసి, ఇవతలికి వచ్చాకే కీ తిప్పుతాడు. ట్యాంకు పక్కన నిప్పురవ్వ పుట్టకూడదు కదా. ముల్లు మళ్లీ 'ఫుల్'. తీగా బాగుంది. మిగిలింది సెండరు.

ఈ రకం సెండరు ట్యాంకు ఖాళీగా ఉంటే 240 ఓమ్‌లు, సగానికి దాదాపు 103, నిండితే 33 చూపాలి. యూరప్ రకానికి లెక్క తలకిందులు: ఖాళీకి 10, నిండుకు 180. నిండు ట్యాంకులో ఇది 236 చూపుతోంది.

పెట్రోలంతా చేతిపంపుతో డబ్బాల్లోకి తోడి, ఐదు స్క్రూలు విప్పి సెండరును పైకి తీస్తాడు. ఆ ఐదు రంధ్రాల ఎడం సమానంగా ఉండదు, తిరిగి ఒకే తీరుగా కూర్చోవాలని. దాని కడ్డీ చివరనున్న ఫ్లోటును, అంటే పెట్రోలు మీద తేలే బుడ్డిని, చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు కదులుతున్న చప్పుడు. పగిలిన ఫ్లోటు మునిగి అడుగునే ఉండిపోయింది. కడ్డీని చేత్తో నెమ్మదిగా ఎత్తితే ఓమ్‌లు 240 నుంచి 33 దాకా ఎక్కడా తెగకుండా దిగుతాయి. అందుకని ఫ్లోటు మాత్రమే మారుస్తాడు. కొత్త గ్యాస్కెట్ పెట్టి, స్క్రూలను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగిస్తాడు.

చివరి పనికి ఓపిక కావాలి. ట్రాలీ మీద బోటును మట్టంగా నిలిపి, ఐదు లీటర్లు పోసి, మూత బిగించి, బ్లోయరు తిప్పి, అప్పుడు కీ వేసి ముల్లు చూస్తాడు. ఇలా ఎనిమిది సార్లు, గంటన్నర. బోటు అడుగులాగే ట్యాంకు అడుగూ కోసుగా ఉంటుంది, అందుకే ముల్లు సగం దగ్గరున్నా పెట్రోలు సగం ఉండదు. జులైలో ఈ సాగర్‌లో తెరచాప పందేలు జరిగేటప్పుడు, వానగాలికి ఎదురెళ్లే మోటారుబోటుకు ఆ తేడా తెలియాలి. కుర్రాడు అట్టముక్క మీద రాసుకుంటాడు: పావు 7 లీటర్లు, సగం 17, ముప్పావు 28, ఫుల్ 40. అట్టకు టేపు చుట్టి మీటరు కిందే అంటిస్తాడు.