అడ్మిన్ అయిన మేనకోడలికి

గౌలిపురా, హైదరాబాద్

బిడ్డా,

మీ కోడింగ్ గ్రూపుకు నిన్ను అడ్మిన్‌ను చేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. శాలిబండ, యాకుత్‌పురా, ఫలక్‌నుమా దిక్కు పిల్లలే అందులో ఎక్కువని నువ్వు ఒకసారి అన్నావు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నా.

కొత్తగా చేరేది ఎవరో ముందు కళ్ల ముందు పెట్టుకో. పదో తరగతి దాకా ఉర్దూ మీడియమో తెలుగు మీడియమో చదివిన పిల్ల. ఇంట్లో ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్, అదీ అన్న వాడుకోగా మిగిలిన వేళల్లోనే చేతికొస్తుంది. ఎర్రర్ వస్తే ఫోన్‌తో స్క్రీన్‌ను ఫోటో తీసి గ్రూపులో పెడుతుంది. చూడగానే సీనియర్లకు చిరాకు: "ఫోటో కాదు, కోడ్ పెట్టు." మాట సరైనదే. అక్షరాలుగా ఉంటేనే కాపీ చేసి నడిపి చూడగలరు, రేపు ఇంకొకరు వెతికినా దొరుకుతుంది. కానీ ఈ కారణం ఆ పిల్లకు ఎవరూ చెప్పరు. చెబితే రెండోసారి సరిగ్గా పెడుతుంది. కసిరితే రెండోసారి రాదు. రాలేదన్న సంగతి మీకు తెలియను కూడా తెలియదు, అదే అసలు నష్టం.

మన ఛత్తాబజార్‌లో కంప్యూటర్లు రాకముందు పెళ్లి కార్డులకు ఉర్దూ రాతంతా కాతిబులే, అంటే చేతిరాత నిపుణులే, రాసేవారు. నస్తాలీఖ్ లిపిలో అక్షరాన్ని చుక్కలతో కొలుస్తారు. శాగిర్దు (శిష్యుడు) రాసిన అక్షరం వంకరైతే ఉస్తాద్ దాని పక్కన చుక్కలు పెట్టి, ఎక్కడ ఎంత తక్కువైందో చూపిస్తాడు. జవాబు చెప్పడమంటే అట్లా ఉండాలి. "ఇది తప్పు" అని ఆగిపోకుండా, ఏ లైన్లో ఏది తక్కువైందో కొలిచి చూపించాలి.

ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో కథ నువ్వు శ్రద్ధగా తెలుసుకో. 2008లో జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ దాన్ని మొదలుపెట్టింది రేపు వెతుక్కునే అందరికీ పనికొచ్చే జవాబుల భండారంగా. కొత్తవాళ్లేమో తమకు దగ్గరుండి నేర్పే గురువు దొరుకుతాడని వచ్చారు. భండారాన్ని కాపాడాలనుకున్న పాతవాళ్లు, ముందే ఉన్న ప్రశ్న కనబడితే మూసేశారు, మైనస్ ఓట్లు వేశారు. కొత్తవాళ్లకు అది అవమానంగా తగిలింది. తమ చోటు కొత్తవాళ్లను ఆదరించేలా లేదని 2018 ఏప్రిల్‌లో ఆ సంస్థే బాహాటంగా ఒప్పుకుంది. ఆ ఏడాదే ప్రవర్తనా నియమావళి మార్చింది, కొత్తగా చేరినవారి ప్రశ్న మీద గుర్తు కనబడేలా చేసింది. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక అక్కడ ప్రశ్నలు బాగా తగ్గిపోయాయి. యంత్రం కసరదు కదా. కాకపోతే యంత్రం చెప్పిన జవాబు ఆ ఒక్కరి ఫోన్‌లోనే ఉండిపోతుంది, వెనక వచ్చేవారికి అందదు. మీ గ్రూపు అవసరం అక్కడే ఉంది.

ఇంతా చదివి తప్పంతా సీనియర్లదే అనుకోకు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపినవారికి టీషర్టు ఇచ్చే హ్యాక్‌టోబర్‌ఫెస్ట్‌లో, 2020 అక్టోబర్‌లో ఆ టీషర్టు కోసమే కొందరు అర్థంలేని మార్పులు వరదలా పంపితే, జీతం లేకుండా ప్రాజెక్టులు నడిపేవారు ఉక్కిరిబిక్కిరయ్యారు. చివరికి ఒప్పుకున్న ప్రాజెక్టులకే ఆ కార్యక్రమాన్ని పరిమితం చేయాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో, వెబ్ సర్వర్లు రాయడానికి వాడే ఎక్స్‌ప్రెస్ అనే ప్రాజెక్టుకూ అదే గతి పట్టింది. ఒక వీడియో పాఠంలో చూపించినట్టే చేసి, రీడ్‌మీ ఫైల్లో తమ పేరు చేర్చమని విద్యార్థులు వరసపెట్టి పంపారు. ఆ పిల్లలు చెడ్డవాళ్లు కాదు. అవతల ఒక మనిషి కూర్చుని ఒక్కొక్కటీ చదువుతున్నాడని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. నువ్వు చెప్పు. ఏం చేయబోయావు, ఏం రాశావు, ఏం వచ్చింది అనే మూడు ముక్కలు రాశాకే ప్రశ్న పెట్టాలని గ్రూపు పైన పిన్ చేసి పెట్టు.

చాట్‌లో జవాబు సాయంత్రానికల్లా కిందికి మునిగిపోతుంది. అదే ప్రశ్న మళ్లీ వస్తుంది, అదే సీనియర్ మళ్లీ విసుగుతాడు. అందుకని, జవాబు దొరికిన పిల్లే దాన్ని తన మాటల్లో రాసి ఒకచోట దాచాలని నియమం పెట్టు. అవసరమైతే సీనియర్ దిద్దుతాడు. తర్వాత అదే ప్రశ్న వస్తే జవాబు చెప్పే మొదటి అవకాశం కూడా ఆ పిల్లకే ఇవ్వు. పోయిన నెల తాను ఎక్కడ తడబడిందో ఆమెకు ఇంకా గుర్తుంటుంది, పదేళ్ల అనుభవం ఉన్నవారికి అది గుర్తుండదు. సీనియర్లను నిజంగా కష్టమైన ప్రశ్నలకు దాచుకో. వాళ్లూ అలాంటివాటి కోసమే గ్రూపులో ఉంటారు.

ఇక భాష. స్టాక్ ఓవర్‌ఫ్లోకు పోర్చుగీసు, రష్యన్, స్పానిష్, జపనీస్ భాషల్లో విడి సైట్లున్నాయి, మన భాషల్లో ఒక్కటీ లేదు. తెలుగులో రాసుకునేవారికి తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది. అక్కడి రచ్చబండలో కొత్తవాళ్లూ పాతవాళ్లూ మన భాషలోనే మాట్లాడుకుంటారు, ఒకసారి వెళ్లి చూడు. మీ గ్రూపులో తెలుగులో అడిగినా, ఉర్దూలో అడిగినా, ఇంగ్లిష్ అక్షరాల్లో దక్కనీ రాసినా నవ్వకూడదని మొదటి రోజే చెప్పేయ్. ఎర్రర్ మెసేజ్ మాత్రం ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లోనే పెట్టాలి.

ఉర్దూ లిపి చదవగలిగే సీనియర్లు మీ గ్రూపులో ఎందరున్నారో ఈ వారం కనుక్కో. ఒక్కరే ఉంటే భారమంతా వారి మీదే పడుతుంది, ఇంకొకరిని వెతకాలి. బోనాలకు నువ్వు లాల్‌దర్వాజా వచ్చినప్పుడు ఎవరిని అడగాలో కలిసి ఆలోచిద్దాం.

నీ మేనమామ