వానలకు ముందు చక్రాల మార్పు

ప్రశ్న: మాది పిడుగురాళ్ల. వానలు పడేలోగా మా చిన్న కారుకు ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

జవాబు: ముందుగా టైర్ల గాడి లోతు చూడండి. 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే కొత్త టైర్లే వేయాలి. అరిగినవి వెనక్కి పంపడం మన దగ్గర అలవాటు, నాకది భయం. తడి రోడ్డుపై వెనక భాగం జారితే కారు గిర్రున తిరుగుతుంది. మంచివే వెనక ఉండాలి.

ఇంటి దగ్గర మార్చుకోవచ్చు గానీ, మీ నల్లరేగడిలో జాకీ దిగబడుతుంది. సిమెంటు గచ్చు మేలు. లేదంటే కింద మందపాటి చెక్క వేయండి, నాపరాయి వద్దు, పగులుతుంది. చాలా చిన్న కార్లలో హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక చక్రాలనే; వాటిని లేపేటప్పుడు ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. కారు కిందికి మాత్రం దూరకండి. నట్లు చక్రం నేలపై ఉండగానే వదులు చేసి, ఎదురెదురుగా బిగించండి. యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడండి.