ఫ్యూజునకు తెలియని జబ్బులు

మన ఇండ్లలో మగ్గమునకు వేరుగాను మనుష్యులకు వేరుగాను గదులుండుట అరుదు. షోలాపురము, భివండీలలోని మరమగ్గముల ఇండ్లయినను, కంచి, ఆరణి, బరంపురములలోని పట్టుమగ్గముల ఇండ్లయినను, ఒకే కప్పు క్రింద వంటయింటి మిక్సీయు, ఊయల మీది పంకాయు, కండెలు చుట్టు మోటారును తిరుగుచుండును. కావున ఇంటి కరెంటులో వచ్చిన చిక్కు మనకు ఇంటి చిక్కుగా మాత్రమే నిలువదు. ఆ పూట నేత ఆగును. ఒక్కొక్కప్పుడు ప్రాణము మీదికే వచ్చును. ఈ చిక్కులు దేనివలన కలుగునో, ఏ గుర్తులచేత వానిని ముందుగా కనిపెట్టవచ్చునో ఇక్కడ వ్రాయుచున్నాము.

ఏది చెడినను మనవారు మొదట చూచునది ఫ్యూజును. అది బాగుగానున్నచో "కరెంటులో లోపము లేదు" అని నిశ్చింతగా నుందురు. పొరపాటు ఇక్కడనే యున్నది. ఫ్యూజునకుగాని, ఇప్పుడు దాని స్థానమున వచ్చిన ఎం.సి.బి.కిగాని తెలిసినది ఒక్కటే: తనగుండ పోవు కరెంటు తన కొలతను మించినదా, లేదా అని. సంతవాకిట కూర్చుండి బండ్లను లెక్కించువాడు ఎన్ని పోయినవో చెప్పగలడే కాని, దారిలో ఏ బండి ఇరుసు విరిగినదో చెప్పలేడు గదా! ఇంటికి నిప్పుపెట్టు జబ్బులును, మనిషిని చంపు జబ్బులును చాలవరకు ఫ్యూజునకు తెలియనివే.

తెలిసినవానిని ముందు ముగింతము. ఫేజు, న్యూట్రలు వైరులు ఒకదానికొకటి తగిలినప్పుడును, వైరు మోయగలిగినదానికంటె ఎక్కువ బరువు పెట్టినప్పుడును ఫ్యూజు కాలును, లేదా ఎం.సి.బి. పడిపోవును. ఒక హార్సుపవరు మగ్గపు మోటారు 230 వోల్టుల మీద నడచునప్పుడు 5, 6 ఆంపియర్లు పుచ్చుకొనును. కాని కదలిక ఆరంభించు క్షణమున దానికి అయిదారు రెట్లు లాగును. మగ్గము వేయగానే దీపములు ఒక్కసారి మసకబారి మరల తేరుకొనుటకు కారణమిదియే, దానికి భయపడనక్కరలేదు. మగ్గము నడచునంతసేపు మసకగానే యున్నచో మాత్రము వైరు సన్నమైనదో, దూరము ఎక్కువైనదో, ఎక్కడనో జాయింటు వదులైనదో అని గ్రహింపవలెను.

మోటారు వేసినప్పుడెల్ల ఎం.సి.బి. పడుచున్నదని దానిని తీసి 32 ఆంపియర్లది పెట్టించువారున్నారు. ఫ్యూజు పెట్టెలో రెండు మూడు రాగిపోగులు పురిపెట్టి కట్టువారును ఉన్నారు. ఎం.సి.బి.లలో బి, సి అని తరగతులు గలవు. మోటారు యొక్క తొలి లాగుడును సహించునది సి తరగతి. తగిన కొలతలో ఆ తరగతిది వేయించిన చాలును. దీపములకు 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసి, దానిపై 32 ఆంపియర్ల కావలి పెట్టినచో, కావలివాడు మేల్కొనకముందే వైరు కాలును.

ఇక ఫ్యూజునకు తెలియని జబ్బులలో మొదటిది వదులైన జాయింటు. స్విచ్చిలో మర బిగించినచోట, ప్లగ్గు రంధ్రములో, రెండు వైరులను మెలిపెట్టి టేపు చుట్టినచోట ఇది పుట్టును. లెక్క చూడుడు. గీజరు వంటిది 10 ఆంపియర్లు పుచ్చుకొనుచున్నదనుకొందము. దారిలో ఒక వదులు జాయింటు అర ఓము అడ్డు పెట్టినది. అక్కడ పోవు వోల్టేజి 5 మాత్రమే, ఎవరికిని తెలియదు. కాని ఆ ఒక్క బిందువున పుట్టు వేడి 50 వాట్లు. రేడియోలు బాగుచేయువారి టంకపు కడ్డీ సాధారణముగా 25 వాట్లది. అట్టివి రెండు స్విచ్చిబోర్డు చెక్క వెనుక ఎడతెగక కాలుచున్నవనుకొనుడు! 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి కనబడునది ఎప్పటి 10 ఆంపియర్లే కనుక అది కదలదు.

కావున ఈ జబ్బును మనమే కనిపెట్టవలెను. వాడి తీసిన ప్లగ్గు చేతికి వేడిగా తగులుట, తెల్లని ప్లాస్టికు గోధుమరంగు తిరుగుట, స్విచ్చి వేసినప్పుడు చిటపటమనుట, ఒక గదిలో దీపము మాత్రము రెపరెపలాడుట — ఇవి గుర్తులు. ఇంకొకటి కలదు. కాలుచున్న ప్లాస్టికు ఒక్కొక్కప్పుడు కుళ్లిన చేప వాసన వేయును. వంటయింటిలో చేప లేకయే చేప వాసన వచ్చినచో స్విచ్చిబోర్డుల యొద్దకు పొండు.

పాత ఇండ్లలో అల్యూమినియము వైరులు ఇంకను ఉన్నవి. ఆ లోహము మర క్రింద నానాటికి అణగి వదులగును. పైగా దానిమీద కరెంటును అడ్డగించు పొర పుట్టును. దానిని రాగివైరుతో నేరుగా మెలిపెట్టినచో తేమ తగిలి జాయింటు తినివేయబడును. పాత వైరింగునకు క్రొత్త గది వైరింగు అతికించునప్పుడు ఈ తప్పు తరచుగా జరుగును.

మన పనిలోనే పుట్టు చిక్కులు రెండు. నూలు మగ్గముల గదిలో ఎగురు దూదినూగు స్విచ్చిబోర్డులలోను, మోటారు గాలిరంధ్రములలోను పేరుకొనును. వదులు జాయింటు వద్ద ఒక్క నిప్పురవ్వ పుట్టినచో ఆ నూగే వత్తి యగును. వారమునకొకసారి మెయిను ఆపి, పొడి కుంచెతో దులుపవలెను, తడిగుడ్డ పనికిరాదు. రెండవది జరీ. రాగి, వెండి గల జరీపోగు చూచుటకు దారమైనను గుణమున లోహపు తీగయే. తునకలను ప్లగ్గుల దగ్గర పడనీయరాదు. పిల్లలు వానితో ఆడి రంధ్రములలో దూర్చుదురు. మూత గల ప్లగ్గులు ఇప్పుడు అంగళ్లలో దొరకును.

రెండవ జబ్బు న్యూట్రలు తెగుట. కొన్నియేండ్ల క్రిందట ఒక వానకాలపు సాయంత్రము మా వీధిలో జరిగినది చెప్పెదము. మా ఇంట దీపములు ఉన్నట్టుండి మిరుమిట్లు గొల్పినవి. పంకా విమానమువలె తిరిగినది. నిమిషములోపల టెలివిజను నుండి పొగ వచ్చినది. ప్రక్క ఇంట మగ్గమును, గ్రైండరును నడచుచుండెను. వారి దీపములు మాత్రము ఎఱ్ఱగా కునుకుచుండెను. "కరెంటువారు ఎక్కువ వదలినారు" అని వీధిలో కొందరు, "తక్కువ వదలినారు" అని కొందరు వాదులాడుకొనిరి. కారణము ఒక్కటే. స్తంభము మీద న్యూట్రలు జాయింటు ఊడినది.

ఇది ఎట్లు జరుగుననగా: వీధికి మూడు ఫేజులును ఒక న్యూట్రలును వచ్చును. ఒక్కొక్క ఇంటికి ఒక ఫేజు, న్యూట్రలు ఇత్తురు. ఆ రెంటి నడుమ 230 వోల్టులుండును. న్యూట్రలు తెగినచో వేరు వేరు ఫేజులలోని రెండు ఇండ్లు ఒకే దండలో గ్రుచ్చినట్లగును. రెండు ఫేజుల నడుమనున్న 400 వోల్టులను ఆ రెండు ఇండ్లును పంచుకొనవలెను. ఒక ఇంట 1000 వాట్ల పని, రెండవ ఇంట 100 వాట్ల పని నడచుచున్నచో, మొదటి ఇంటికి సుమారు 36 వోల్టులును, రెండవ ఇంటికి సుమారు 364 వోల్టులును వచ్చును. తక్కువ వాడుకొనువానికే దెబ్బ ఎక్కువ. ఫ్యూజు దీనిని కూడ ఎరుగదు. వస్తువు కాలి, లోపల వైరులు కలిసిన తరువాతనే దానికి తెలియును.

కాబట్టి దీపములు కారణము లేక ప్రకాశించినను, ఒక గది మసక, ఒక గది వెలుగుగా ఉన్నను, మొదట మెయిను ఆపి, ఆ తరువాత కరెంటు ఆఫీసునకు చెప్పవలెను. లైనుమను వచ్చులోపల పని జరుగవలెనని న్యూట్రలుకు బదులు ఎర్తు వైరును తగిలించు తెలివిగలవారున్నారు. అట్లు చేసినచో ఇంటిలో ఎర్తు తగిలించిన ఇనుప వస్తువులన్నిటికిని కరెంటు ప్రాకవచ్చును. ఇది ఎంతమాత్రమును చేయరాదు.

మూడవ జబ్బు ప్రాణము తీయునది. గుంటమగ్గములో కూర్చున్నవాని పాదములు మట్టిలో నుండును. వానకాలమున ఆ మట్టి చెమ్మగిలును, గంజి కలిపిన చేతులు తడిగానుండును, చెమట సరేసరి. అట్టి శరీరము కరెంటునకు పెట్టు అడ్డు 1000 ఓములు, ఒకప్పుడు అంతకంటెను తక్కువ. ప్రక్కనున్న టేబిలు పంకా యొక్క ఇనుప దేహమునకు లోపల ఫేజు వైరు తగిలియున్నదనుకొందము. దానిమీద చేయి పడినచో మనిషిగుండ సుమారు 230 మిల్లీయాంపియర్లు పోవును. 30 మిల్లీయాంపియర్లు దాటినదే ప్రాణాపాయము. మరి 6 ఆంపియర్ల ఎం.సి.బి.కి ఇది ఎంత? ఒక చిన్న దీపమునకు పోవునంత. మనిషి పోయినను మీట పడదు.

దీనికి మందు ఎర్తు అని అందరికిని తెలియును. కాని ఎర్తు ఉన్నదనుట వేరు, పనిచేయుట వేరు. పూర్వము కుళాయి గొట్టమునకు ఎర్తు వైరు చుట్టిరి. ఇప్పుడు గొట్టములు ప్లాస్టికువి వేసిరి గనుక ఆ ఎర్తు ఎచ్చటికిని పోదు. ఉప్పు, బొగ్గు వేసి పాతిన ఎర్తు గుంట ఎండకాలమున ఎండిపోవును, నీరు పోయుచుండవలెను. మూడు కాళ్ల ప్లగ్గు రెండు రంధ్రములలో పట్టలేదని లావు కాలిని విరిచివేయుట చాల ఇండ్లలో చూచితిమి. ఆ లావు కాలే ఎర్తు.

ఎర్తు ఒక్కటే చాలదు కూడ. ఎర్తు దారిలో మొత్తము 10 ఓముల అడ్డున్నదనుకొందము. ఫేజు తగిలినప్పుడు దానిగుండ 23 ఆంపియర్లు పోవును. 16 ఆంపియర్ల ఎం.సి.బి. అంతమాత్రమునకు వెంటనే పడదు. చాల నిమిషములు పట్టవచ్చును. అంతవరకు ఆ ఇనుము కరెంటుతోనే యుండును.

అందుచేత ఆర్.సి.సి.బి. అను పరికరము వచ్చినది. అది చేయు పని మనకు తెలియనిది కాదు. షావుకారు నూలు తూచి ఇచ్చును, చీర తూచి పుచ్చుకొనును; తరుగు మించినచో నిలదీయును. ఈ పరికరమును అట్లే, ఫేజులో పోయిన కరెంటును న్యూట్రలులో తిరిగివచ్చిన కరెంటుతో సరిచూచును. 30 మిల్లీయాంపియర్లు తరుగు కనబడినదా, ఆ తరుగు మనిషిగుండనో తడిగోడగుండనో పోవుచున్నదని ఎంచి, రెప్పపాటులో మెయినును తెంపును. ఇంటికి 30 మిల్లీయాంపియర్లదే వేయించవలెను. దానిమీద పరీక్ష బొత్తాము ఉండును. నెలకొకసారి నొక్కి, పడుచున్నదో లేదో చూడవలెను. ఒక చేయి ఫేజు మీదను, ఇంకొక చేయి న్యూట్రలు మీదను వేసినవానిని మాత్రము ఇది కాపాడలేదు. అక్కడ తరుగు లేదు గదా.

ఇది పెట్టిన తరువాత "మాటిమాటికి పడుచున్నది, పని చెడుచున్నది" అని విసిగి తీసివేయించినవారిని ఎరుగుదుము. షావుకారు తరుగు పట్టినాడని త్రాసును పారవేయుదుమా? ఇంటిలోని స్విచ్చులన్నియు ఆపి, ప్లగ్గులు ఊడదీసి, ఒక్కొక్కటిగా తగిలించి చూడుడు. దేనితో పడునో దానిలో లోపము. గీజరులోని తీగచుట్టయో, తడిసిన మోటారో, పాత మిక్సీయో దొరకును. అన్నియు ఊడదీసినను పడుచున్నచో గోడలో వైరు చెమ్మగిలినదో, ఎక్కడనో న్యూట్రలును ఎర్తును కలిపినారో అని పనివానికి చెప్పవలెను.

చిన్న చిక్కులు రెండు. స్విచ్చి ఆపినను ఎల్.ఇ.డి. బల్బు మిణుకుమిణుకుమనుచున్నచో దయ్యము కాదు. స్విచ్చిలోని చిన్న సూచిక దీపమువలన ఇట్లగుట కలదు; అది హానిలేనిది. లేనిచో స్విచ్చిని ఫేజుకు బదులు న్యూట్రలులో పెట్టి యుందురు. అప్పుడు స్విచ్చి ఆపినను హోల్డరులో ఫేజు ఉండును, బల్బు మార్చువానికి దెబ్బ తగులును. కావున బల్బు మార్చునప్పుడు మెయిను ఆపుటయే మేలు. ఇక పంకా మెల్లగా తిరిగినను, గుయ్యిమని కదలక, చేతితో త్రోసిన తిరిగినను, చాలసార్లు లోపము కండెన్సరుది. తక్కువ వెల వస్తువు. మోటారునకు తీగ చుట్టించుటకు ముందు దానిని మార్చి చూడుడు. ఒకే ఫేజు మీద నడచు కండెల మోటారులలో చాలవాటికి ఇదే వర్తించును.

2022 జూలైలో గోదావరి వరద వచ్చినప్పుడు యానాములో ఇండ్లలోనికి నీరు ప్రవేశించినది. అట్లు మునిగిన ఇంటిలో నీరు తీసినవెంటనే కరెంటు వేయరాదు. ప్లగ్గులు, మోటారులు పూర్తిగా ఆరి, లైసెన్సు గల పనివాడు పరీక్షించిన తరువాతనే మెయిను వేయవలెను.

ఎవరికైన కరెంటు పట్టుకొన్నచో వానిని ముట్టరాదు. ముందు మెయిను ఆపవలెను. మెయిను దూరమైనచో ఎండిన పలకమీదనో, ఎండిన గోనెసంచుల దొంతరమీదనో నిలిచి, ఎండుకర్రతో వైరునుగాని చేతినిగాని విడదీయవలెను. ఇది ఇంటి వైరులకే. వీధి స్తంభముల మీది పెద్ద లైను తెగిపడినచో కర్రతో కూడ దగ్గరకు పోరాదు. విడదీసినవాడు ఊపిరి తీయకున్నచో 112 కుగాని 108 కిగాని ఫోను చేయించి, రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి ఉంచి, నిమిషమునకు 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుచుండవలెను. అంబులెన్సు వచ్చువరకు ఆపరాదు. ఒకరు అలసినచో ఇంకొకరు అందుకొనవలెను. మెయిను స్విచ్చి ఎక్కడనున్నదో ఇంటిలోని ఆడవారికిని, పది సంవత్సరములు దాటిన పిల్లలకును చూపి, దానిని ఆపుట ఈ దినమే నేర్పవలెను. దానికి అడ్డముగా నూలు మూటలు పేర్చియున్నచో తీసివేయుడు.