నడక లెక్క - గోడౌన్‌లో సరుకు ఎక్కడ పెట్టాలి?



మన జి. కొండూరు, మైలవరం, నూజివీడు ప్రాంతాల్లో ఏప్రిల్, మే నెలలంటే మామిడి నెలలు. మాలో చాలామంది తల్లిదండ్రులు కాయల షెడ్లలో కూలికి వెళతారు. సాయంత్రం అమ్మ కాళ్ళు నొక్కుకుంటూ కూర్చుంటే, బరువులు మోసినందుకే అనుకునేవాళ్ళం. సెలవుల్లో అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అసలు సంగతి చూశాం. లారీలకు ఎక్కువగా ఎక్కించే బంగినపల్లి ట్రేలు షెడ్డు చివర ఉన్నాయి. ఎప్పుడో ఒకసారి అడిగే రసాలు గుమ్మం దగ్గర ఉన్నాయి!

వ్యాపారి అడిగిన సరుకును గోడౌన్‌లో వెతికి తెచ్చే పనిని ఆర్డర్ పికింగ్ అంటారు. ఇందులో చాలా సమయం నడకకే పోతుంది. ఒక చిన్న లెక్క చేద్దాం.

షెడ్డు చివర గుమ్మానికి 40 మీటర్లు, ముందు వరుస 5 మీటర్లు అనుకుందాం. ఒక మనిషి రోజుకు బంగినపల్లి కోసం 20 సార్లు, రసాల కోసం 2 సార్లు వెళ్ళి రావాలి.

బంగినపల్లి చివర ఉంటే: 20×80 + 2×10 = 1620 మీటర్లు.
బంగినపల్లి ముందు ఉంటే: 20×10 + 2×80 = 360 మీటర్లు.

చోటు మార్చినందుకే 1260 మీటర్ల నడక తగ్గింది. పైసా ఖర్చు లేదు.

గుర్తుంచుకోవలసిన సూత్రాలు:

1. ఎక్కువసార్లు తీసే సరుకు గుమ్మానికి దగ్గరగా ఉండాలి. అయితే అన్నీ ఒకేచోట పేరిస్తే మనుషులు ఒకరికొకరు అడ్డుపడతారు. దారి వదలాలి.
2. బరువైనవి నడుము ఎత్తులో ఉండాలి. తల పైకి ఎత్తి పెట్టకూడదు.
3. కలిపి అడిగేవి పక్కపక్కన ఉండాలి.
4. ముందు వచ్చిన సరుకు ముందు పోవాలి. మామిడిలో మాత్రం ముందు మాగిన కాయే ముందు పోవాలి.
5. సీజను చివర బంగినపల్లి తగ్గి కలెక్టర్ కాయ పెరిగితే, ముందు చోటు దానికే ఇవ్వాలి.

పెద్ద కంపెనీలకు కూడా ఈ నడకే సమస్య. అరలను మనిషి దగ్గరకే మోసుకొచ్చే రోబోలు తయారుచేసే కివా సిస్టమ్స్‌ను అమెజాన్ 2012లో కొన్నది. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో నాల్గవది కూడా పాఠకుని సమయం ఆదా చేయడం గురించే. పుస్తకమైనా, పండైనా సూత్రం ఒక్కటే.

అభ్యాసం: మీ ఊరి కిరాణా కొట్టులో ఒక గంట కూర్చుని, ఏ సరుకు ఎన్నిసార్లు తీశారో రాయండి. దాన్నిబట్టి అరల బొమ్మ గీయండి.

రేపు మనలో ఎవరైనా గోడౌన్ మేనేజరు కావచ్చు. ఆనాడు గుమ్మం దగ్గర నిలబడి ఆర్డర్లు రాసేటప్పుడు, లోపలికి నడిచే మనిషి కాళ్ళను మరువకుందాం. ఆ కాళ్ళు మన అమ్మ కాళ్ళే.