చలి రాత్రికి ఒక ఊలు టోపీ: అల్లే ముందు, ఇచ్చే ముందు తెలుసుకోవలసినవి



ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో చేరితే మిగతావారికి ఎదురుచూడడమే పెద్ద పని. ఆపరేషన్ గది బయట, స్కానింగ్ దగ్గర, మందుల కౌంటరు ముందు గంటలు గడుస్తాయి. చేతులు ఖాళీగా ఉంటే మనసు దిగులు వైపే పోతుంది. అందుకే మన వరండాల్లో కూర్చున్న అక్కలు, అమ్మలు చాలామంది ఊలు, సూదులు తెచ్చుకుని ఏదో ఒకటి అల్లుతుంటారు. ఆ అల్లిక ఇల్లు లేని ఒక మనిషిని చలి నుండి కాపాడగలదు. అయితే మంచి మనసుతో ఇచ్చిన వస్తువు కూడా సరిగా అల్లకపోతే హాని చేస్తుంది. అందుకే ఈ పాఠం.

మన ఎండల దేశంలో చలి ప్రమాదమా?

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఇల్లు లేనివారు సుమారు 17 లక్షల 70 వేల మంది. బస్టాండ్లలో, ఫ్లైఓవర్ల కింద, మూసిన దుకాణాల మెట్ల మీద పడుకునేవారు వీరు. పెద్దాసుపత్రుల బయట చెట్ల కింద పడుకునే రోగుల బంధువులను కూడా మీరు చూసే ఉంటారు.

డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాద్ వైపు, అరకు, లంబసింగి వైపు కొన్ని రాత్రులు 10 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు పోతాయి. మైదాన ప్రాంతంలో అంత చలి ఉండదు. కానీ చలి దెబ్బ తగలడానికి మంచు కురవనక్కరలేదు. బట్టలు తడిసి, గాలి వీస్తూ, కడుపు ఖాళీగా ఉండి, సిమెంటు నేల మీద పడుకుంటే ఓ మోస్తరు చలి కూడా ప్రాణం మీదకు తెస్తుంది. ముసలివారికి, పసిపిల్లలకు, షుగరు ఉన్నవారికి, రక్తం తక్కువగా ఉన్నవారికి, మద్యం తాగినవారికి ఈ ప్రమాదం ఎక్కువ.

మద్యం గురించి ఒక మాట. తాగితే ఒళ్లు వెచ్చబడుతుందని చాలామంది నమ్మకం. నిజానికి మద్యం వల్ల చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి. లోపలి వేడి చర్మం దాకా వచ్చి గాలిలో కలిసిపోతుంది. వెచ్చగా అనిపిస్తూనే శరీరం లోలోపల చల్లబడుతుంది.

చలి దెబ్బను ఎలా గుర్తించాలి?

శరీరం లోపలి వేడి 35 డిగ్రీల సెల్సియస్, అంటే 95 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే తగ్గడాన్ని డాక్టర్లు హైపోథెర్మియా అంటారు. దాని గుర్తులు ఇవి:

1. మొదట గట్టిగా వణుకు. చేతివేళ్లు పట్టు తప్పడం.
2. మాట ముద్దగా రావడం, నడక తూలడం, అడిగినదానికి పొంతన లేని జవాబు.
3. మగత. పరిస్థితి ముదిరితే వణుకు ఆగిపోతుంది. వణుకు ఆగింది కదా, తగ్గిందని పొరబడకండి. అది మరింత ప్రమాదం.

ఈ గుర్తులు చూసి జనం "తాగి పడిపోయాడు" అనుకుని దాటిపోతారు. షుగరు పడిపోయినా మనిషి ఇలాగే కనిపిస్తాడు. తాగినా, తాగకపోయినా చలిలో మగతగా పడి ఉన్న మనిషి ప్రమాదంలో ఉన్నాడనే అనుకోవాలి. ఒళ్లు పట్టుకుని చూడండి. పొట్ట మీద చర్మం కూడా చల్లగా ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. జ్వరం చూసే పాత పాదరసం థర్మామీటరు 94, 95 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరే మొదలవుతుంది కాబట్టి ఇక్కడ దాన్ని నమ్ముకోకూడదు.

అంబులెన్సు వచ్చేలోగా:

- గాలి తగలని చోటికి మెల్లగా చేర్చండి. తడి బట్టలు తీసి, పొడి బట్టలు కప్పండి.
- ముందు ఒంటి కిందకు గోనెసంచి, అట్టపెట్టె, బొంత ఏదైనా వేయండి. నేల లాగేసే వేడి తక్కువ కాదు.
- ఛాతీ, పొట్ట, మెడ, తల ముందు కప్పండి. చేతులు, కాళ్లు తరువాత.
- పూర్తి తెలివిలో ఉండి, బాగా మింగగలిగితేనే గోరువెచ్చని తీపి పాలు, టీ కొద్దికొద్దిగా పట్టండి.
- చేతులు, కాళ్లు గట్టిగా రుద్దకండి. మద్యం ఇవ్వకండి. వేడినీళ్లతో స్నానం చేయించకండి. మొద్దుబారిన చర్మం మీద వేడినీళ్ల సీసా నేరుగా పెట్టకండి, కాలినా ఆ మనిషికి తెలియదు.

టోపీయా, మఫ్లరా, మేజోళ్లా?

ఊలు తనంతట తాను వేడి పుట్టించదు. దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలి కదలకుండా ఉండి మన ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. అందుకే దగ్గర అల్లిక కావాలి.

మన పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల ఊళ్లవారికి ఇది ముఖ్యంగా చెప్పాలి. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా అక్కడికి వచ్చిన క్రోషా లేసు పని తల్లుల నుండి కూతుళ్లకు వచ్చి, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. ఆ చేతుల్లో ఉన్న నేర్పు గొప్పది. కానీ లేసు అందమంతా దాని కంతల్లో ఉంటుంది. చలికి ఆ కంతలే శత్రువులు. చెయ్యి అదే, పని అదే. సన్న నూలు బదులు ఊలు, సన్న సూది బదులు లావు సూది, కంతలు లేని కుట్టు, ఈ మూడు మార్చుకుంటే చాలు.

*టోపీ:* సగం వేడి తల నుండే పోతుందని అంటుంటారు. అది సరికాదు. పెద్దవారిలో తల నుండి పోయేది మొత్తంలో దాదాపు పదోవంతే. అయినా ఒంటి మీద బట్ట ఉండి తల మాత్రం ఖాళీగా ఉన్నవారికి టోపీ వెంటనే ఊరటనిస్తుంది. పసిపిల్లల సంగతి వేరు. వారి ఒంటితో పోలిస్తే తల పెద్దది కాబట్టి టోపీ మరింత అవసరం.

*మఫ్లరు:* మెడకు, చెవులకు, ఛాతీకి కూడా పనికివస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు దీనితోనే మొదలుపెట్టవచ్చు. అయితే రిక్షా తొక్కేవారికి, బండి తోసేవారికి పొడుగు మఫ్లరు ఇవ్వకండి. వేలాడే కొస చక్రంలో పడితే మెడకు ఉరి బిగుస్తుంది. వారికి టోపీ మేలు.

*మేజోళ్లు:* ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. చాలాకాలంగా షుగరు ఉన్నవారికి, కుష్ఠు వచ్చి తగ్గినవారికి పాదాల్లో స్పర్శ ఉండదు. ఒకసారి మా డ్రెస్సింగ్ గదికి వచ్చిన పెద్దాయన బొటనవేలి పక్కన లోతైన పుండు ఉంది. ఎవరో దయగలవారు ఇచ్చిన ఊలు మేజోడులో, లోపలివైపు చిన్న ముడి ఉండిపోయింది. రోజుల తరబడి ఆ ముడి మీదే ఆయన నడిచారు. నొప్పి తెలియదు కాబట్టి విప్పి చూసుకోలేదు. మనం పెసరగింజంత ముడిని పట్టించుకోము. ఆ పాదానికి అది చెప్పులో రాయి. కాబట్టి మేజోళ్లు అల్లేవారు లోపల ముడి, లావు కుట్టు లేకుండా చూడాలి. పైఅంచు బిగుతుగా ఉండకూడదు. నేర్పు కుదరకపోతే మేజోళ్లు మానేసి టోపీలే అల్లండి.

ఏ ఊలు కొనాలి?

బజారులో చవకగా దొరికేది ఎక్కువగా యాక్రిలిక్. అది ఉతకడానికి సులువు, త్వరగా ఆరుతుంది, చాలామందికి దురద పెట్టదు. కానీ మంటకు కరిగి చర్మానికి అంటుకుంటుంది. రాత్రంతా చలిమంట దగ్గర కూర్చునేవారికి అది మంచిది కాదు. గొర్రె ఊలు అంత తేలికగా అంటుకోదు, కొంచెం తడిసినా వెచ్చదనం ఇస్తుంది. అయితే ఖరీదు ఎక్కువ, వేడినీళ్లలో ఉతికితే కుంచించుకుపోతుంది. నూలు దారం తడిస్తే చల్లబడి ఆలస్యంగా ఆరుతుంది కాబట్టి చలికి పనికిరాదు.

ఏది ఏమిటో తెలియకపోతే చిన్న ముక్కను పట్టకారుతో పట్టుకుని ఆరుబయట వెలిగించి చూడండి. గొర్రె ఊలు వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే బూడిదవుతుంది. యాక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

రంగు ముదురుగా ఉంటే మంచిది. ఉతుక్కోవడానికి నీళ్లు దొరకని మనిషికి తెల్ల టోపీ రెండు రోజుల్లో మాసిపోతుంది.

పెద్దవారి టోపీ అల్లే విధానం

కావలసినవి: మామూలు మందం ఊలు సుమారు 100 గ్రాములు, 8 నంబరు (4 మి.మీ.) సూదులు ఒక జత, కుట్టడానికి మొద్దు సూది.

1. సూది మీద 102 కుట్లు ఎక్కించండి.
2. మొదటి వరుస: 2 నిట్, 2 పర్ల్ చొప్పున చివరి దాకా. ఆఖరున 2 నిట్ వస్తాయి.
3. రెండో వరుస: 2 పర్ల్, 2 నిట్ చొప్పున. ఆఖరున 2 పర్ల్ వస్తాయి.
4. ఈ రెండు వరుసలే మళ్లీ మళ్లీ అల్లుతూ 22 సెం.మీ. పొడవు వరకు రండి. ఈ అల్లిక సాగుతుంది కాబట్టి చిన్న తలకూ పెద్ద తలకూ సరిపోతుంది.
5. తరువాతి వరుసలో రెండేసి కుట్లు కలిపి నిట్ చేయండి. 51 మిగులుతాయి. ఒక వరుస పర్ల్ అల్లండి.
6. మళ్లీ రెండేసి కలపండి. ఆఖరి ఒక కుట్టును విడిగా అల్లండి. 26 మిగులుతాయి.
7. రెండు జానల ఊలు వదిలి కత్తిరించి, మొద్దు సూదితో అన్ని కుట్లలోంచి లాగి బిగించండి. అదే ఊలుతో పక్క అంచులు కలిపి కుట్టండి.

క్రోషా వచ్చినవారు మధ్య నుండి మొదలుపెట్టి, దగ్గర కుట్టుతో గుండ్రంగా పెంచుతూ అడ్డం కొలత 17 సెం.మీ. వచ్చేదాకా అల్లండి. అక్కడి నుండి కుట్లు పెంచకుండా మరో 13 సెం.మీ. నేరుగా దిగండి.

పసిపిల్లల టోపీలకు నాడాలు, గుండీలు, పూసలు, ఊలు బంతులు పెట్టవద్దు. ఊడితే బిడ్డ నోట్లోకి పోతాయి, నాడా మెడకు చుట్టుకుంటుంది.

ఆసుపత్రిలో అల్లేటప్పుడు

ఐ.సి.యు.లో, ఐసోలేషన్ వార్డులో, పుండ్లు కట్టే చోట అల్లిక వద్దు. ఊలు నూగు గాలిలో తేలుతుంది, వార్డు క్రిములు ఊలుకు అంటుకుంటాయి. వరండాలో కూర్చుని, చేతులు కడుక్కుని అల్లండి. ఉండను నేల మీద కాకుండా సంచిలో పెట్టుకోండి. అరగంటకోసారి ఆపి వేళ్లు, మెడ కదిలించండి. పూర్తయ్యాక ఉతికి, నీడలో పరిచి ఆరబెట్టండి.

కొత్త టోపీతోపాటు ఇంట్లోని పాత స్వెట్టర్లు కూడా ఇవ్వాలనుకుంటే ఒక జాగ్రత్త. గజ్జి పురుగు మనిషి ఒంటిని వదిలి సాధారణంగా రెండు మూడు రోజులకు మించి బతకదు. వేడినీళ్లలో ఉతకగలిగినవి ఉతికి ఎండలో వేయండి. అలా ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూటకట్టి కనీసం మూడు రోజులు ఉంచండి. పేల అనుమానం ఉంటే రెండు వారాలు ఉంచాలి.

ఇచ్చేటప్పుడు

నిద్రపోయే మనిషిని తట్టి లేపి ఇవ్వకండి. చీకట్లో ఒంటరిగా వెళ్లకండి. "పెద్దాయనా, టోపీ అల్లాను, మీకు పనికొస్తుందా?" అని అడగండి. వద్దంటే నొచ్చుకోకండి. వస్తువులు దాచుకునే చోటు లేని మనిషికి ప్రతి సామానూ మోత బరువే. ఫొటో తీయకండి. చలికి వణికే వేళ ఎవరూ తమ ముఖం నలుగురికీ చూపించాలనుకోరు.

పట్టణాల్లో ఇల్లు లేనివారి కోసం రాత్రి బస కేంద్రాలు ఉండాలని, లక్ష జనాభాకు ఒకటి చొప్పున నడపాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మీ ఊళ్లో అలాంటి కేంద్రం ఎక్కడుందో మున్సిపల్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. టోపీతోపాటు ఆ చిరునామా కూడా చెబితే ఆ మనిషికి చలి నుండి తప్పించుకునే దారి తెలుస్తుంది. ఏ కొలతలవి, ఎన్ని కావాలో కేంద్రం వారినే ముందుగా అడిగి అల్లితే మీ శ్రమ వృథా కాదు.

గుర్తుంచుకోండి

- చలిలో ముద్దగా మాట్లాడుతూ తూలే మనిషిని తాగుబోతు అని వదిలేయవద్దు. ఒళ్లు పట్టి చూసి 108కి చెప్పండి.
- కంతలు లేని దగ్గర అల్లిక వెచ్చదనం ఇస్తుంది.
- మేజోడులో ముడి పుండవుతుంది. మంట దగ్గర యాక్రిలిక్ కరుగుతుంది. వేలాడే మఫ్లరు చక్రంలో చిక్కుతుంది.
- కింద పరుచుకోవడానికి ఏదైనా లేకపోతే పైన కప్పినది సగమే పనిచేస్తుంది. టోపీతో పాటు ఒక గోనెసంచో, పాత చీరల బొంతో ఇవ్వండి.

మీవారు కోలుకుని ఇంటికి వెళ్లేసరికి మీ సంచిలో ఒక టోపీ తయారై ఉండవచ్చు. వెళ్లేదారిలో బస్టాండు దగ్గర దాని అవసరం ఉన్న తల ఒకటి తప్పక కనిపిస్తుంది.